అగ్నిపరీక్షకు నిలిచిన లోహములు



ఒకప్పుడు కొలిమి లేని పల్లె మన దేశమున లేదు. కమ్మరి కఱ్ఱును కాచి దాగలిమీద ఉంచగానే అది సమ్మెటపోటునకు మెత్తని ముద్దవలె లొంగుటను మీరెల్లరు చూచియే యుందురు. చల్లగా నున్నప్పుడు గట్టినేలను చీల్చు ఇనుము, ఎఱ్ఱగా కాగినంతనే తన బింకమును విడిచిపెట్టును. కమ్మరికి అది వరము. ఆ గుణము లేనిచో మనకు నాగలియు లేదు, కొడవలియు లేదు. కాని కాగినను లొంగని లోహము కావలసిన పనులు ఇరువదవ శతాబ్దమున కొన్ని ఏర్పడినవి. ముఖ్యముగా, విమానమును త్రోయు జెట్ ఇంజనులో ఒక చక్రము మండు వాయువుల నడుమ గిఱ్ఱున తిరుగుచుండవలెను. ఆ పనికై మానవుడు ఏ లోహములను వెదకెను, ఒకదానిని మఱియొకదానితో ఎట్లు పోల్చెను, ఆ పోలికవలన ఏమి నేర్చుకొనెను అను చరిత్రను నేటి ప్రసంగమున మీకు మనవి చేయదలచితిని.

ఈ కథలో ముఖ్యమైన లోహములు రెండు: నికెలు, క్రోమియము.

నికెలు పేరులో ఒక తిట్టు దాగియున్నది. జర్మనీ దేశపు గనిపనివాండ్రు ఒకానొక ఎఱ్ఱని ఖనిజమును చూచి రాగిఱాయి యని భ్రమపడిరి. ఎంత కరగించినను రాగి రాకపోగా, ఏదో దయ్యము తమ్ము మోసగించినదని తలచి, దయ్యపురాగి యను అర్థము వచ్చునట్లు దానిని కుప్ఫర్‌నికెల్ అని పిలిచిరి. 1751లో స్వీడను దేశస్థుడగు ఆక్సెల్ క్రోన్‌స్టెడ్ ఆ జాతి ఖనిజమునుండి ఒక క్రొత్త లోహమును వేఱుచేసి, తిట్టులోని సగభాగమునే దానికి పేరుగా ఉంచెను. క్రోమియమును 1797లో ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త వోకెలిన్ కనుగొనెను. రష్యానుండి వచ్చిన ఎఱ్ఱని సీసపు ఖనిజములో అది దొరకినది. దాని లవణములు నానారంగులు గలవి యగుటచే, గ్రీకు భాషలో రంగు అను అర్థము గల మాటనుండి దాని పేరు పుట్టినది.

ఈ రెంటిని కలిపిన ఫలము లోకమునకు తెలియుటకు మఱి నూఱేండ్లకు పైగా పట్టెను. 1906లో అమెరికా దేశమున ఆల్బర్టు మార్షు అను నతడు ఒక మిశ్రలోహమునకు హక్కుపత్రమును పొందెను. నూటికి సుమారు 80 పాళ్లు నికెలు, 20 పాళ్లు క్రోమియము. నేడు మనము నైక్రోము తీగ అని పిలుచునది అదియే. విద్యుత్పొయ్యిలో ఎఱ్ఱగా కాగుచు కానవచ్చు తీగచుట్ట ఆ వంశమునకు చెందినది.

ఆ తీగ ఏల కాలిపోదు? ఇనుమును ఎఱ్ఱగా కాచి గాలిలో ఉంచినచో పైన నల్లని పెచ్చు కట్టి రాలును. రాలినచోట మఱల పెచ్చు కట్టును, మఱల రాలును. ఇట్లు ఇనుము నానాటికి అరిగిపోవును. నైక్రోములో అట్లు కాదు. అందలి క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికానని పలుచని పొరయై, లోహమును గట్టిగా అంటిపట్టుకొనును. ఆ పొర తన వెనుకనున్న లోహమునకు గాలి సోకనీయదు. ఎచ్చటనైన గీటుపడినను మఱల తానే కట్టుకొనును.

కాలిపోకుండుట వేఱు, బరువు మోయుట వేఱు. పొయ్యిలోని తీగకు తన బరువు తప్ప మఱియొక భారము లేదు. ఇంజనులోని లోహమునకు మంటయు మోతయు ఒక్కసారిగా తగులును. అట్టి లోహమును ఎంచుటకు కొలబద్ద యేది?

ఎక్కువ వేడికి కరగునదే గొప్పలోహమని మనకు తోచును. కాని ఇనుము 1538 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద కరగగా, నికెలు 1455 డిగ్రీలకే కరగును. ఈ లెక్కన ఇనుమే గెలువవలెను. టంగ్‌స్టను అను లోహము 3400 డిగ్రీలు దాటినగాని కరగదు. ఐనను కాగినప్పుడు గాలి సోకినచో అది త్వరలోనే బూడిదవలె హరించిపోవును. ఇనుమునకు మఱియొక బలహీనత కలదు. 912 డిగ్రీలవద్ద అది తన లోపలి అణువుల పేర్పును మార్చుకొనును. నికెలునందు అట్టి మార్పు లేదు. చల్లదనమునుండి కరగువఱకు దాని పేర్పు ఒక్కటియే. కావున కరగు వేడిని చూచి లోహమును మెచ్చుకొనుట చాలదు.

సరియైన కొలబద్దను తెలిసికొనుటకు నులకమంచమును తలచుకొనుడు. క్రొత్తగా అల్లిన మంచముమీద మనిషి పరుండినచో నులక తెగదు. ఆ బరువు దాని శక్తికి మించినది కాదు. ఐనను నెలలు గడచినకొలది మంచము నడుమ క్రుంగును. నులకను మఱల బిగింపవలసివచ్చును. ఏ ఒక్కరాత్రియు దానిని తెంపలేని బరువే అనేక రాత్రులకు దానిని సాగదీసినది. కాగిన లోహమునకును ఇదే గతి. మోయగల బరువునే మోయుచున్నను, గంటలు గడచినకొలది అది కంటికి తెలియకుండ సాగుచుండును. ఇంజనీర్లు దీనిని క్రీపు అందురు. మనము నెమ్మదిసాగుడు అందము. దీనిని పరీక్షించుటకు లోహపు కడ్డీని కొలిమిలో నిలిపి, బరువు తగిలించి, వేడిని మార్పక, వందల గంటలు, ఒక్కొక్కప్పుడు వేల గంటలు, వెండ్రుకవాసి సాగుడును గూడ కొలుతురు. సంతలో ఎద్దు ఒక్క పరుగు చూచి మురిసి కొనువాడు మోసపోవును. ఏరువాకనుండి కోతలవఱకు కాడి మోయునా యని విచారించువాడే తెలిసినవాడు. వేడిలోని లోహమును గూర్చియు అదే విచారింపవలెను.

ఇక జెట్ ఇంజను సంగతికి వత్తము. ఈ ఇంజను ముందువైపునుండి గాలిని పీల్చి, అదిమి, దానిలో కిరసనాయిలు వంటి నూనెను మండించును. పొంగిన వాయువులు వెనుకకు పోవుచు ఒక చక్రపు అంచుననున్న ఱెక్కలను త్రోసి త్రిప్పును. ఆ చక్రమే ముందున్న గాలియంత్రమును నడుపును. మిగిలిన వాయువులు వెనుకకు చిమ్మబడుటచే విమానము ముందునకు పోవును. ఇంగ్లండులో ఫ్రాంకు విట్టిల్ అను యువ వైమానికాధికారి 1930 జనవరిలో దీనికి హక్కుపత్రము కోరెను. అప్పటికి అతని వయస్సు 22 సంవత్సరములు. 1935లో ఆ హక్కును నిలుపుకొనుటకు కట్టవలసిన 5 పౌనులను అతడు కట్టలేకపోగా, ప్రభుత్వశాఖయు కట్టుటకు అంగీకరింపలేదు. హక్కు జాఱిపోయినది. ఐనను అతడు పట్టువిడువక 1937 ఏప్రిలు 12వ తేదీన తన ఇంజనును తొలిసారి నడిపించెను.

తలంపు సిద్ధముగానే యున్నది, లోహమే వెనుకబడినది. విట్టిల్ ఇంజనులోని చక్రము నిమిషమునకు 16,000 చుట్లకు పైగా తిరుగవలసియుండెను. మంచెమీద నిలిచి ఒడిసెల త్రిప్పినవారికి, ఱాయి చేతిని ఎంత బలముగా లాగునో తెలియును. అట్లే ప్రతి ఱెక్కయు చక్రమునుండి ఊడిపోవుటకు తన బరువునకు వేలకొలది రెట్లు బలముతో లాగుచుండును, అదియు ఎఱ్ఱగా కాగి. ఱెక్క కొంచెము సాగినను చుట్టునున్న కవచమును ఒరయును. విఱిగినదా, ఇంజను ముక్కలగును. తొలి ఇంజనులకు దొరకిన ఉక్కులలో మేలైనవానినే వాడిరి. 1941 మే 15వ తేదీన క్రాన్‌వెల్ అనుచోట విట్టిల్ ఇంజనుతో తొలి బ్రిటిషు జెట్ విమానము 17 నిమిషములు ఎగిరినది. కాని నిమిషములు ఎగురుట వేఱు, యుద్ధములో నెలలతరబడి పనిచేయుట వేఱు. ఉక్కు అందుకు చాలదని అప్పటికే స్పష్టమైనది.

బర్మింగుహాము పట్టణమున మాండ్ నికెల్ కంపెనీవారి పరిశోధకులు, ఎల్. బి. ఫైల్ అను లోహశాస్త్రజ్ఞుని నాయకత్వమున, ఈ సమస్యను చేపట్టిరి. మార్షు చేసిన 80, 20 పాళ్ల మిశ్రమమే వారికి పునాది. దానికి కొద్దిపాటి టైటానియమును చేర్చగా నిమానిక్ 75 అను లోహము వచ్చెను. టైటానియమును మఱికొంత పెంచి, అల్యూమినియమును జోడింపగా 1941లో నిమానిక్ 80 సిద్ధమైనది. చేర్చిన వస్తువు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించదు. కడివెడు పాలను చెంచాడు తోడు పెరుగుగా మార్చినట్లు, ఆ కొద్దియే లోహపు స్వభావమును మార్చివేసినది.

ఆ మార్పు ఎట్లు కలిగెను? లోహము సాగుట యనగా, లోపలి అణువుల వరుసలు ఒకదానిమీద నొకటి జాఱుట. ఈ మిశ్రమమును బాగుగా కాచి, చల్లార్చి, మఱల మితమైన వేడిలో గంటలతరబడి ఉంచినచో, నికెలు, టైటానియము, అల్యూమినియము కూడి అతిసూక్ష్మమైన కణములుగా లోపలనే పేరుకొనును. జాఱు వరుసలకు అవి అడ్డుపడును. సాధారణమైన సూక్ష్మదర్శినికిగూడ అవి కానరాలేదు. పిమ్మట వచ్చిన ఎలక్ట్రాను సూక్ష్మదర్శినులే వానిని స్పష్టముగా చూపినవి. ఈ కణములలో ఒక వింత కలదు. సాధారణముగా వేడి పెరిగినకొలది లోహపు బలము తగ్గును. ఈ కణముల బలము మాత్రము కొంతదూరమువఱకు వేడితోపాటు పెరుగును.

అదే కాలమున శత్రుపక్షమైన జర్మనీలో ఏమి జరిగెనో చూచినచో ఈ లోహపు విలువ తేటపడును. జర్మనులు తెలివిలో తక్కువవారు కారు. 1939 ఆగస్టు 27వ తేదీన ప్రపంచమున తొలి జెట్ విమానమును ఎగురవేసినది వారే. హాన్స్ ఫోన్ ఒహైన్ దాని ఇంజనును నిర్మించెను. కాని వారికి నికెలు కొఱత. బ్రిటనుకు కెనడా దేశపు సడ్‌బరీ గనులు అండగా నుండెను. జర్మనీకి ఫిన్లండులోని పెట్సామో గనులు ముఖ్యాధారము. 1944 అక్టోబరులో అవియు రష్యా సేనల వశమైనవి. ఈ కొఱతచేత జర్మను ఇంజనీర్లు యూమో 004 అను తమ ఇంజనుకు టినిదుర్ అను లోహమును వాడిరి. అందు నికెలు సుమారు 30 పాళ్లు మాత్రమే, అధికభాగము ఇనుము. తరువాత నికెలు లేకయే క్రోమియము, మాంగనీసు కలిపిన క్రోమదుర్ అను ఉక్కును గూడ వాడిరి. ఱెక్కలను లోపల డొల్లగా చేసి, చల్లనిగాలిని పంపి, లోహపు లోపమును నేర్పుతో పూరింప యత్నించిరి. ఆ నేర్పు మెచ్చదగినదే.

ఐనను ఫలితము గంటలలో తేలినది. యూమో ఇంజను 25 గంటలు పనిచేయవలెనని వారి లెక్క. వాస్తవమున అనేకములు సుమారు 10 గంటలకే పనికిరాకపోయినవి. బ్రిటిషు మీటియరు విమానపు తొలి ఇంజనును విప్పి బాగుచేయుటకు నియమించిన గడువు 180 గంటలు. ఈ భేదమునకు ఱెక్కల లోహమొక్కటియే కారణమనుట సరికాదు. పనివారి కొఱత, తొందర, బాంబుదాడులు సైతము కారణములే. కాని ఇంజనులోని ప్రతి వేడిభాగమునందు తక్కువరకపు లోహమును పెట్టవలసివచ్చుట పెద్ద కారణము. ఆకాశములో ఇంజను చెడిన వైమానికునకు ఈ గంటల లెక్క ప్రాణముల లెక్కయే.

యుద్ధము ముగిసిన పిదప ఈ వంశము వృక్షమువలె శాఖలు వేసినది. వానిని పోల్చునప్పుడు ఏది గొప్పది యని అడుగుటకంటె, ఏ పనికి ఏది యని అడుగుట మేలు. మంటపెట్టెకు బరువు తక్కువ, వేడి ఎక్కువ. రేకుగా వంచి అతుకుటకు వీలైన నిమానిక్ 75 అక్కడికి సరిపోయినది. ఱెక్కకు వేడియు లాగుడును రెండును ఎక్కువ. అక్కడ నిమానిక్ 80, దాని తరువాత కోబాల్టు చేర్చిన నిమానిక్ 90 నిలిచినవి. ఱెక్కలను పట్టుకొను చక్రమునకు వేడి కొంత తక్కువ, భారము మిక్కిలి ఎక్కువ. దానికై అమెరికాలో హెర్బర్టు ఐసెల్‌స్టైన్ రూపొందించిన ఇంకోనెల్ 718 అను లోహమునకు 1962లో హక్కుపత్రము లభించెను. ఇందు ఇనుము ఐదవవంతునకు దగ్గరగా నుండును. నయోబియము అను లోహము సుమారు 5 పాళ్లు. నయోబియపు కణములు మెల్లగా పేరుకొనును గనుక, అతుకునప్పుడు ఈ లోహము పగుళ్లు తీయదు. ఇది దాని పెద్ద సుగుణము. కాని సుమారు 650 డిగ్రీలు దాటి చాలకాలము ఉంచినచో ఆ కణములు రూపు మార్చుకొని బలము సడలును. అంతకుమించిన వేడికి టైటానియము, అల్యూమినియము, కోబాల్టు గల వాస్పలాయ్ మేలు. కాని దానిని అతుకుట కష్టము. ఇంకోనెల్ 625 ఈ రెంటియంత బలిష్ఠము కాదు. ఉప్పునీటికి, ఆమ్లములకు చెక్కుచెదరకుండుటలో దానిదే పైచేయి. ఇట్లు ప్రతిదానికి ఒక తావు, ఒక హద్దు కలవు.

ఱెక్కల వేడి ఇంకను పెరుగగా, సుత్తితో మోది రూపు దిద్దుట అసాధ్యమైనది. మోతకు లొంగకుండుటకే గదా ఈ లోహమును చేసినది! అప్పుడు ఇంజనీర్లు మిక్కిలి ప్రాచీనమైన మైనపు అచ్చును ఆశ్రయించిరి. మన శిల్పులు దేవతామూర్తులను పోతపోయు విధమే అది. ఆదిలాబాదు ప్రాంతపు ఓజవారు నేటికిని అట్లే పోయుచున్నారు. మైనముతో రూపు చేసి, పైన మట్టి మెత్తి, కాచి మైనమును కరగించి, ఆ ఖాళీలో లోహమును పోయుదురు. ఇంజనుఱెక్కకు మట్టికి బదులు మేలైన పింగాణి వాడుదురు. 1950ల ఆరంభమునుండి లోహమును గాలి తీసివేసిన పాత్రలలో కరగించుటయు వాడుకలోనికి వచ్చి, మలినములు తగ్గినవి.

ఇంకొక చిక్కు మిగిలినది. పోతపోసిన లోహము అసంఖ్యాకమైన స్ఫటికముల కూడలి. వేడిలో లోహము తఱచు ఆ స్ఫటికముల సరిహద్దులవద్దనే విచ్చుకొనును, గట్టు బలహీనమైనచోట చెఱువు తెగినట్లు. 1960లలో అమెరికాలోని ప్రాట్ అండ్ విట్నీ సంస్థవారు, అచ్చును ఒక కొననుండి మెల్లగా చల్లార్చి, సరిహద్దులన్నియు ఱెక్కపొడవునకే సాగునట్లు చేసిరి. తరువాత అచ్చు అడుగున మెలికలు తిరిగిన సన్నని దారి యుంచి, ఒక్క స్ఫటికము మాత్రమే పైకి ప్రాకునట్లు చేసి, ఱెక్క యంతయు ఏకస్ఫటికముగా పోసిరి. 1982నుండి అట్టి ఱెక్కలు ప్రయాణికుల విమానములలో చేరినవి.

ఇక్కడ ఒక విచిత్రము. బలమును పెంచు ఇతర లోహములకు చోటిచ్చుటకై, ఏకస్ఫటికపు ఱెక్కలలో క్రోమియమును 20 పాళ్లనుండి 10 పాళ్లకు, పిమ్మట అంతకంటెను తగ్గించిరి. కాపలాదారుని తగ్గించినచో ఇంటికి తలుపు గట్టిగా నుండవలెను గదా! అందుచే పైన వేఱొక రక్షణపూత, దానిపై పింగాణిపొర చేర్చిరి. లోపల గాలికాలువలు తీర్చిరి. ఇన్ని రక్షణలు కలిసి, లోహము కరగు వేడికి మించిన వాయువులలో సైతము ఱెక్కను నిలుపుచున్నవి.

ఈ చరిత్రకు మన గడ్డతో సంబంధము లేకపోలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మన కమ్మరులు మూసలలో కరగించి చేసిన ఉక్కునకై పారసీక వర్తకులు వచ్చెడివారని పందొమ్మిదవ శతాబ్దపు వ్రాతలవలన తెలియుచున్నది. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లి కొండలలో క్రోమియపు ఖనిజము కలదు. 1963లో హైదరాబాదున రక్షణలోహ పరిశోధనాలయము, 1973లో మిశ్రధాతు నిగమము ఏర్పడినవి. ఈ నిగమము విమానములకు, అంతరిక్షవాహనములకు కావలసిన నికెలు మిశ్రలోహములను చేయుచున్నది. పరిశోధనాలయము ఱెక్కలను పోతపోయు విద్యను సాధించినది. 1990లలో గోదావరితీరమున విజ్జేశ్వరమువద్ద సహజవాయువుతో విద్యుత్తు తీయుటకు నెలకొల్పిన టర్బైనుల ఱెక్కలును ఈ వంశమువే. క్రోమియపు ఖనిజము ఒడిశాలోని సుకిందా లోయలో సమృద్ధిగా నున్నది. నికెలునకు మాత్రము మనము ప్రధానముగా విదేశములమీదనే ఆధారపడియున్నాము. జర్మనీ అనుభవమును విన్నవారికి ఈ మాట చిన్నదిగా తోచదు.

కావున వేడిలో పనిచేయు లోహమును పోల్చువారు నాలుగు ప్రశ్నలు వేయవలెనని ఈ చరిత్ర బోధించుచున్నది. ఎంత వేడిలో? ఎంత బరువుతో? ఎన్ని గంటలు? ఏ గాలిలో? దేశమును నడుపువారు ఐదవప్రశ్న గూడ వేయవలెను: ఆ ఖనిజము ఎవరి నేలలోనిది? మొదటి నాలుగింటికి శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పగలరు. ఐదవదానికి సమాధానము, పాత ఇనుమును పాఱవేయక కరగించుకొను మన కమ్మరి బుద్ధిలోను, ముందుచూపుతో గాదె నింపుకొను మన రైతు బుద్ధిలోను కొంత దొరకును. అరిగిన ఱెక్కలోని నికెలును మఱల తీసి వాడుకొనుట, కొఱతనాటికి నిల్వయుంచుట మనము ఎఱిగిన ధర్మములే.